పప్పు ఉడకని నీళ్ళు

మొన్న సోమవారం పొద్దున ఒకాయన వచ్చి నా బల్ల మీద పాత ఆర్సీ పుస్తకం ఒకటి పెట్టాడు. దానికి గుండుసూదితో గుచ్చిన బటర్ పేపరు ముక్క వేలాడుతోంది. ఆ ముక్క మీద పెన్సిల్ రుద్దిన నల్లటి పట్టీ, ఆ నలుపులో తెల్లగా వరసగా అంకెలు. పుస్తకం తెరవకుండానే అది ఎవరి కారో నాకు తెలిసిపోయింది. ఛాసిస్ నంబరుని బటర్ పేపరు మీద తీసి తెచ్చిన మనిషి నా ఇరవై రెండేళ్ళ కొలువులో ఒక్కరే.

కొలువు అని గొప్పకి అన్నాను. రవాణా ఆఫీసు ఎదురుగా రేకుల పందిరి, దాని కింద ఒక బల్ల, ఒక జెరాక్స్ మిషను, నేను. లైసెన్సులకీ, బదిలీలకీ, రెన్యువళ్ళకీ ఫారాలు నింపి పెడతాను. అన్నీ ఆన్‌లైన్ అయ్యాయి అంటారు గానీ, ఆన్‌లైన్లో ఏం నొక్కాలో తెలియనివాళ్ళు ఉన్నంతకాలం నా బల్లకి ఢోకా లేదు.

"అక్క పోయింది. నెల దాటింది," అన్నాడాయన నిలబడే. "ఆ కారు తుక్కు కింద ఇచ్చేద్దామనుకుంటున్నా. ఏ ఫారమో చూసి నింపండి."

కూర్చోమన్నాను. కూర్చునే ముందు బెంచీ మీద దుమ్ము రుమాలుతో దులుపుకున్నాడు. గంజి పెట్టి ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా. ఆయన్ని అంతకుముందు రెండుసార్లు చూశాను, రెండుసార్లూ అదే తెలుపు. నేను పెన్ను వెతుకుతున్నట్టు సొరుగులో తల దూర్చాను. నిజానికి పెన్ను నా జేబులోనే ఉంది.

ఆమె పేరు రాయను. రాస్తే "నా పేరుతో నీకేం పనయ్యా, నంబరు రాయి చాలు" అనేది. ఊళ్ళో అందరికీ కుట్టు టీచరు. అద్దంకి దాటాక లోపలికి ఉన్న ఒక ఊరు, అక్కడికి దూరంగా ఇంకో ఊళ్ళో బడి. రెండిటికీ మధ్య సరైన బస్సు లేదు. ఆడపిల్లలకి గుండీ కుట్టడం దగ్గర్నుంచి జాకెట్టు కత్తిరించడం దాకా నేర్పి రిటైరైంది. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని అడిగే ధైర్యం మా జిల్లాలో ఎవరికీ లేదు.

పొట్టి మనిషి. కళ్ళజోడుకి కుట్టుమిషను దారం కట్టి మెళ్ళో వేసుకునేది. భుజం మీద పైట దగ్గర ఎప్పుడూ ఒక సూది గుచ్చి ఉండేది, దానికి జానెడు దారం. మనతో మాట్లాడుతూనే మన చొక్కా కాలరు పట్టుకుని చూసేది. అరిగి ఉంటే, "తిరగేసి కుట్టించుకో. ఇంకో రెండేళ్ళొస్తుంది" అనేది. కలెక్టరైనా అంతే, కూలీ అయినా అంతే. మొదటిసారి నా కాలరు పట్టుకున్నప్పుడు నేను కుర్చీతో సహా వెనక్కి జరిగాను.

అది ఆరేళ్ళ కిందటి వేసవి. ఆఫీసు ముందు ఒక కారు ఆగింది. ఇప్పుడు రోడ్ల మీద కనిపించని రకం, గుండ్రటి దీపాలు, లేత ఆకుపచ్చ రంగు. పైన చూస్తే పెళ్ళికూతురు. ఇంత తళతళలాడే పాత కారుని నేను సినిమా షూటింగుల్లో తప్ప చూడలేదు. అందులోంచి ఈమె దిగి నేరుగా నా పందిట్లోకి వచ్చింది.

"ఏమయ్యా, ఆర్సీ రెన్యువలు ఫారం నింపేది నువ్వేనా?"

"నేనేనమ్మా. గడువెప్పుడు?"

"ఇంకా పది నెలలుంది. ఏమేం కావాలో ముందే తెలుసుకుందామని వచ్చా. ఇదిగో, నంబరు ప్రింటు కూడా తెచ్చా."

జాకెట్ల డిజైన్లు దించుకునే బటర్ పేపరు మీద పెన్సిల్ రుద్ది తెచ్చింది. మామూలుగా ఈ ప్రింటు తీయడానికి మనిషిని పెట్టుకుంటారు. "ఎవరు తీశారమ్మా?" అంటే, "కింద పడుకుని నేనే తీశా" అంది. చూశాను. అంకెలు బాగానే నడిచి చివర్లో మసకబారాయి. ఆఖరి రెండూ లేవు. అక్కడ పెన్సిల్ మరక తప్ప ఏమీ లేదు.

"చివరి రెండంకెలు లేవమ్మా."

"ఉన్నాయి. తుప్పు కింద ఉన్నాయి."

నేను నవ్వాను. ఆ నవ్వుకి తర్వాత చాలాకాలం శిక్ష అనుభవించాను.

ఛాసిస్ అంటే ఏంటో తెలియనివాళ్ళకి ఒక మాట. ఆ కాలపు కార్లకి అడుగున పొడవునా రెండు ఇనప దూలాలు, వాటికి అడ్డంగా కొన్ని. ఇంజనూ, సీట్లూ, మనుషులూ అన్నీ వాటి మీదే. ముందు చక్రం దగ్గర దూలం మీద ఒక నంబరు గుద్ది ఉంటుంది. తలుపులు మార్చినా, ఇంజను మార్చినా కారు అదే కారు. ఆ నంబరు పోతే మాత్రం అది మీ కారని చెప్పడానికి ఆధారం ఉండదు. ఆ దూలాలు కుళ్ళితే ఫిట్‌నెస్ ఇవ్వరు. ఈమె కారుకి రెండు జబ్బులూ ఉన్నాయి.

అదే చెప్పాను. చెప్పి ఊరుకోక, "తుక్కుకి ఇచ్చేయండమ్మా. ఈ వయసులో మీకెందుకీ తిప్పలు" అన్నాను.

కళ్ళజోడు సర్దుకుని నన్ను చూసింది. బళ్ళో కుట్టు తప్పు పడ్డ పిల్లని అలాగే చూసేదనుకుంటాను.

"నింపడం నీ పని. తేల్చడం నీ పని కాదు," అంది. తర్వాత నా కాలరు పట్టుకుని ఆ తిరగేసే మాట చెప్పి వెళ్ళిపోయింది.

మళ్ళీ ఆమెని చూసింది వానల్లో. మా మరదలి ఊరికి పోతూ, ఒక అఫిడవిట్ మీద ఆమె సంతకం మిగిలిందన్న వంకతో వాళ్ళింటికి వెళ్ళాను. వంక అనే ఒప్పుకుంటున్నా. ఆ సంతకం తర్వాతైనా పెట్టించుకోవచ్చు. నాకు చూడాలనిపించింది.

వాకిట్లో కారు నాలుగు గ్రానైటు రాళ్ళ మీద నిలబడి ఉంది. మా వైపు క్వారీల దగ్గర పనికిరాదని పారేసిన దిమ్మెలకి కొదవలేదు. చక్రాలు విప్పి గోడకి చేరేశారు. పెట్రోలు ట్యాంకు ఊడదీసి దూరంగా దొడ్లో పెట్టారు. కారు కింద నుంచి రెండు పాదాలు బయటికి కనబడుతున్నాయి, మట్టెలు లేని పాదాలు. లోపల్నుంచి చిన్న సుత్తితో కొట్టిన చప్పుడు. ఠంగు, ఠంగు, ఠంగు, ఆ తర్వాత ఒక మొద్దు చప్పుడు.

"ఇక్కడ. సుద్ద ఇవ్వు," అంది కారు కింది గొంతు.

పక్కన గొంతుక్కూర్చున్న మస్తాన్‌వలి సుద్దముక్క అందించాడు. అద్దంకిలో వెల్డింగు షాపు అతనిది. రైతుల నాగళ్ళూ ట్రాక్టరు తొట్లూ అతికే మనిషి. నన్ను చూసి, నేనేం చేసేది అన్నట్టు చేతులు తిప్పాడు.

కాసేపటికి ఆమె బయటికి పాకింది. చీర మీద మగవాళ్ళ పొడుగుచేతుల చొక్కా తొడుక్కుంది, మిరపకోతకి వెళ్ళే ఆడవాళ్ళలాగే. చొక్కా ఒకప్పుడు తెల్లది. ఇప్పుడు దాని మీద ఇటుకరంగు మరకలు.

"మా తమ్ముడి చొక్కా," అంది నా చూపు గమనించి. "పారేయబోతుంటే తీసుకున్నా. బట్ట మంచిది."

అరుగు మీద ఆ తమ్ముడు, అంటే మొన్న సోమవారం వచ్చిన ఈయనే, పేపరు వెతుక్కుంటున్నాడు. పేపరు నేల మీద దొరికింది. మధ్యలో పెద్ద కిటికీలా కోసి ఉంది.

"అక్కా! ఇవాళ్టిది! నేనింకా చదవలా!"

"నిన్నా అదే రాశారు, రేపూ అదే రాస్తారు. నాకు కొలత కావలసొచ్చింది."

ఆమె పద్ధతి అది. ఛాసిస్‌కి ఎక్కడ కుళ్ళిందో సుత్తితో కొట్టి చప్పుడుతో కనిపెట్టేది. సుద్దతో గీత గీసేది. కుళ్ళిన చోటుకి పేపరు ఒత్తి పెట్టి, మడతలూ వంపులూ అన్నీ వచ్చేట్టు కత్తిరించేది, జాకెట్టు చేతికి కొలత తీసినట్టే. ఆ పేపరుని ఇనప రేకు మీద పరిచి గీసుకుని మస్తాన్‌వలి చేత కోయించేది. ముక్క సరిగ్గా కూర్చునేదాకా మూడుసార్లయినా నాలుగుసార్లయినా కోయించేది. అతను మొదటి వారంలోనే పారిపోవాలనుకున్నాడట. కుళ్ళిన చోటు మీదే పైనుంచి రేకు అతికేద్దాం, ఎవరికి కనబడుతుంది అని అతనన్నాడు. మా వైపు ట్రాక్టర్లకి అలాగే చేస్తారు.

"మంచి గుడ్డ దాకా కత్తిరించాలి," అంది ఆమె అతనితో నా ముందే. "చీకిపోయిన దాని మీద మాసిక వేస్తే రెండో ఉతుక్కి ఊడొస్తుంది. పిల్లలు కూడా చేయరు అట్టాంటి పని."

వెల్డింగు కూడా వరసగా లాగనిచ్చేది కాదు. ఇక్కడ ఒక చుక్క, అక్కడ ఒక చుక్క, ముందు కచ్చా కుట్లు వేసినట్టు చుట్టూ నిలబెట్టాలి. అది చల్లారాక మధ్య మధ్య నింపుకుంటూ రావాలి. లేకపోతే వేడికి రేకు మెలి తిరుగుతుందట. ఫోన్లో తెల్లవాళ్ళ వీడియోలు చూసి నేర్చుకుంది. "వాళ్ళకి కారుని పైకెత్తే మిషన్లున్నాయి. నాకు రాళ్ళున్నాయి. తుప్పు మాత్రం ఇద్దరికీ ఒకటేగా," అంది. ఆ వానల మధ్యనే నల్ల అద్దం పట్టుకుని వెల్డింగు హోల్డరు తనే అందుకుంది. మొదటి రోజు రెండు రాడ్లు కాల్చి ఒక్క చుక్కా నిలబెట్టలేకపోయిందని మస్తాన్‌వలి చెప్పాడు. నాలుగో వారానికి అతన్ని పక్కన కూర్చోబెట్టి తనే అతికింది.

అరవై దాటిన మనిషి వాకిట్లో పడుకుని వెల్డింగు చేస్తుంటే ఊరు ఊరుకుంటుందా. దారిన పోయేవాళ్ళు ఆగి చూసేవారు. "టీచరమ్మా, ఈ డబ్బుతో సెకండ్ హ్యాండులో కొత్త రకం కారొస్తదిగా" అని ఒకాయన నేనుండగానే అన్నాడు. ఆమె కారు కింద నుంచే జవాబిచ్చింది.

"కొత్తది నువ్వు కొనుక్కో. దీన్ని పాడుచేసింది నేను. బాగుచేసేదీ నేనే."

నాకది అర్థం కాలేదు. అంత శ్రద్ధగా చూసుకునే మనిషి పాడుచేయడమేంటి? మస్తాన్‌వలి టీ తాగడానికి వెళ్ళాక అడిగాను. వాకిట్లో బోరు పంపు దగ్గరికి తీసుకెళ్ళి దోసిట్లో నీళ్ళు పట్టి నా నోటికి అందించినంత పని చేసింది.

"తాగు."

చప్పరించి ఉమ్మేశాను. ఉప్పు.

"ఈ నీళ్ళలో పప్పు ఉడకదు. టీ పెడితే విరుగుతుంది. అందుకే మా ఊరంతా క్యాన్ల నీళ్ళు కొనుక్కుంటాం. కారుని మాత్రం దీంతోనే కడిగా. రోజూ. ఎన్నేళ్ళు? దీన్ని కొన్న రోజు నుంచీ."

ఆ కారుని ఆమె నలభై దాటకముందు కొన్నది, రాత్రీ పగలూ జాకెట్లు కుట్టి. ఆడది కారు నడపడమేంటని ఊరు వాకిలికడ్డం వచ్చింది. వాళ్ళ నాన్న నెల్లాళ్ళు మాట్లాడలేదు. దానికి ఆమె ఇచ్చిన జవాబు కడగడం. పొద్దున్నే ఊరంతా పళ్ళపుల్లలు నోట్లో పెట్టుకుని వీధిలోకొచ్చే వేళకి, కారుని వీధిలోకి తెచ్చి పైపు పెట్టి కడిగేది. పైనా కిందా, చక్రాల లోపలా, అడుగున ఇనప దూలాల మీదికి కూడా పైపు దూర్చి. చూడండి, నాది, నేనే కడుక్కుంటాను, నేనే నడుపుకుంటాను అని. ఏళ్ళ తరబడి ఒక్కరోజు మానలేదు.

"పప్పు ఉడకని నీళ్ళు ఇనుముకేం మేలు చేస్తాయని ఒక్కరోజన్నా తట్టలా నాకు," అంది. చేతులు చొక్కాకి తుడుచుకుంది. "చూసేవాళ్ళ కోసం కడిగానయ్యా. అడుగున ఏమైపోతుందో చూసుకోలా."

ఆ మాట విన్నాక ఆమెని తుక్కుకి ఇచ్చేయమన్నందుకు నాకు సిగ్గేసింది. సిగ్గేసిందని అప్పుడు చెప్పలేదు, ఇప్పుడు చెబుతున్నా.

పత్తి తీతలు మొదలయ్యేసరికి దూలాలు పూర్తయ్యాయి. పత్తి ఇంటికి రావడానికి వారం ముందే ఆమె గ్రైండరూ వెల్డింగు మిషనూ కట్టేసింది. ఆ కొంపలో అక్కాతమ్ముళ్ళకి ఉన్న ఒకే ఒప్పందం అది. వరండా నిండా తమ్ముడి పత్తి ఉన్నన్నాళ్ళూ వాకిట్లో నిప్పురవ్వ లేవకూడదు. ఇంక మిగిలింది నంబరు.

ఆ పని మీదే నా బల్ల దగ్గరికి వచ్చింది. "ఆ జానెడు చోటు ముట్టుకోలేదయ్యా. గ్రైండరు పెడితే తుప్పుతో పాటు అంకెలూ పోతాయి. ఏం చేద్దాం?"

నేను పెద్ద సాయం చేస్తున్నాననుకుని గొంతు తగ్గించాను. "ఒకతనున్నాడమ్మా. శుభ్రంగా నున్నగా చేసేసి కొత్తగా అంకెలు గుద్దేస్తాడు. ఎవరికీ తెలియదు."

లేచి నిలబడింది. పందిట్లో ఉన్న నలుగురూ ఇటు తిరిగారు.

"రేపు మీ అమ్మ మతిమరుపొచ్చి తన పేరు మర్చిపోతే, నువ్వు కొత్త పేరు పెడతావా? నా కారుకి దొంగ నంబరు కొట్టించమంటావా? ఛీ! ఇందుకా నువ్వు బల్లేసుకు కూర్చుంది?"

ఆమె వెళ్ళిపోయింది. రెండు నెలలు నా ముఖం చూడలేదు. ఈ బల్ల దగ్గర అంత మాట నన్ను అన్నవాళ్ళు లేరు. కోపం వచ్చింది. వారం రోజులు ఉడికాను. ఆ తర్వాత ఆ అంకెలు గుద్దేవాడు వచ్చి కార్డు ఇవ్వబోతే, ఇంకెప్పుడూ నా పందిట్లోకి రావద్దని చెప్పాను. రాలేదు.

తర్వాత సంగతి మస్తాన్‌వలి లైసెన్సు రెన్యువలుకి వచ్చినప్పుడు చెప్పాడు. నవ్వుతూ మొదలుపెట్టి నవ్వకుండా ముగించాడు.

"చింతపండండీ! ఇత్తడి బిందెలు తోముతారే, అట్టా. ముద్ద చేసి నంబరు మీద మెత్తుతుంది, మీద తడిగుడ్డ చుడుతుంది. పొద్దున తీసి పళ్ళబ్రష్షుతో రుద్దుద్ది. క్యాను నీళ్ళతో కడిగి, ఆరబెట్టి, మళ్ళీ కొత్త ముద్ద. ఇనప బ్రష్షు కూడా ముట్టనివ్వదు. ఇంట్లో పులుసు లేదు, పప్పుచారు లేదు. తమ్ముడుగారు అన్నం దగ్గర కేకలు. మొదటి అంకె కాస్త కనబడేసరికి తొమ్మిది రోజులు పట్టింది."

"రెండోది?"

"అదే వింత. పదో రోజు నేను పోయేసరికి చక్రం దగ్గర పాత చింతపండు ముద్ద ఉంది. నల్లగా, రెండేళ్ళ నాటిది. పాతదైతే పులుపెక్కువండి. ఎవరు పెట్టారు అంటే ఆమె గుడ్డ పిండుకుంటా కూర్చుంది. ఆయనగారేమో పత్తి బోరాల మీద కూర్చుని అటు తిరిగి ఫోను చూసుకుంటున్నాడు. పదకొండో రోజు రెండో అంకె వచ్చేసింది."

మార్చిలో తనిఖీ. కారుని స్వయంగా నడుపుకుంటూ వచ్చింది. వెనక సీట్లో తమ్ముడు. ఎదురుగా టీ కొట్టు దగ్గర దిగి అక్కడే నిలబడిపోయాడు. ఫెయిలైతే అక్కడికక్కడే తుక్కువాడికి అప్పజెప్పి బస్సెక్కుదామని మాట తీసుకుని వచ్చాడట. తుక్కువాడి ఫోను నంబరు కూడా జేబులో ఉందట. ఇదంతా ఆమే నాకు చెప్పింది, ఫారాలు తీసుకుంటూ. నా మీద కోపం పోయిందో లేదో తెలియలేదు. కాలరు మాత్రం చూడలేదు.

ఇన్‌స్పెక్టరు కుర్రవాడు, అప్పుడే బదిలీ మీద వచ్చాడు. మంచివాడే, కానీ కాగితాన్ని కాగితంలా చూసే మనిషి. ఆర్సీలో నంబరు చూసుకుని ముందు చక్రం దగ్గర వంగాడు. ఫోను లైటు వేశాడు. మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

"సరిగ్గా కనబడ్డం లేదమ్మా."

"వంగితే కనబడదు సార్. పడుకోవాలి," అని ఆమె డిక్కీలోంచి గోనెపట్టా తెచ్చి నేల మీద పరిచింది.

బ్రోకర్లూ, లారీ డ్రైవర్లూ, లెర్నింగ్ లైసెన్సు పిల్లలూ అందరూ చూస్తున్నారు. ఆ అబ్బాయి ఆమె ముఖం చూశాడు, పట్టా చూశాడు. టోపీ తీసి బానెట్ మీద పెట్టి పడుకున్నాడు. ఆమె పెన్సిలూ, బటర్ పేపరూ అందించింది. కింద నుంచి పెన్సిల్ రాసిన చప్పుడు వినబడుతోంది. నంబరు రాకపోతే, ఆమె పది నెలలు దేని కింద పడుకుని లేచిందో అది ఆ సాయంత్రమే ముక్కలవుతుంది.

అతను నంబరు పైకి చదివాడు. చివరి రెండంకెలు ఆగి ఆగి చదివాడు. నేను ఆర్సీ పుస్తకం పట్టుకుని ఒక్కో అంకె మీద వేలు పెట్టాను. సరిపోయింది.

అయినా అతను లేవలేదు. కింద నుంచే పానాతో దూలాన్ని కొట్టుకుంటూ వెనకదాకా వెళ్ళాడు. ఠంగు, ఠంగు, ఠంగు. ఒక్క మొద్దు చప్పుడు లేదు. బయటికి వచ్చి వీపు దులుపుకున్నాడు.

"ఏ షెడ్డులో చేయించారు మేడమ్?"

"మా వాకిట్లో. నేనే చేశా. ఏం, బాగాలేదా?"

అతను నవ్వలేదు. మళ్ళీ వంగి ఒక అతుకు మీద వేలు పెట్టి చూసి, "బాగుంది" అని ఫారం మీద సంతకం పెట్టాడు. ఐదేళ్ళకి. పెడుతుండగా ఆమె అతని కాలరు పట్టుకుంది. తిరగేసి కుట్టించుకోమని ఒక ఇన్‌స్పెక్టరుకి యూనిఫారంలో ఉండగా చెప్పిన మనిషి ఈ జిల్లాలో ఆమె ఒక్కరే అయ్యుంటుంది.

టీ కొట్టు దగ్గర తమ్ముడు గ్లాసు పెట్టేసి వచ్చి వెనక తలుపు తీశాడు. ఆమె స్టీరింగు ముందు కూర్చుని వెనక్కి తిరక్కుండానే అంది. "ముందుకొచ్చి కూర్చో. సరుకువా నువ్వు?" ఆయన వచ్చి ముందు కూర్చున్నాడు.

ఆ తర్వాత ఆఫీసు దారిన పోయినప్పుడల్లా హారన్ కొట్టేది. ఆగేది కాదు. కారు మునుపటిలా మెరిసేది కాదు, పైన దుమ్ము కనబడేది. బోరు నీళ్ళతో కడగడం మానేసిందని మస్తాన్‌వలి చెప్పాడు. డ్రమ్ముల్లో వాననీళ్ళు పట్టి, తడిగుడ్డతో తుడిచేదట, అదీ వీధిలో కాదు, పెరట్లో. నెలకోసారి పట్టా పరుచుకుని కింద పడుకుని సుత్తితో ఈ చివర నుంచి ఆ చివర దాకా కొట్టి వినేదట.

సొరుగులోంచి తల బయట పెట్టాను. తమ్ముడు ఎదురుగా కూర్చునే ఉన్నాడు.

"ఏ ఫారం?" అన్నాడు. "ఐదేళ్ళ గడువూ దగ్గరపడింది. నాకు డ్రైవింగు రాదు. ఇంట్లో ఎవరికీ రాదు. వాకిట్లో అడ్డం. తుక్కతను రేపొస్తానన్నాడు."

నింపడం నా పని, తేల్చడం నా పని కాదు. ఆ మాట నేర్పిందే ఆమె. ఆమె తమ్ముడికి ఉపన్యాసం చెప్పే హక్కు నాకు లేదు. రూలు చెప్పడం మాత్రం నా పని. చెప్పాను.

"బండి తుక్కుకి ఇచ్చి ఆర్సీ రద్దు చేయించాలంటే, ఛాసిస్ నంబరు ఉన్న ముక్క కోసి ఆఫీసులో ఇవ్వాలండి. గ్యాసు కట్టరుతో కోస్తారు. జానెడు ముక్క."

ఆయన ఆర్సీకి గుచ్చిన బటర్ పేపరు వైపు చూశాడు, ఆ తనిఖీ రోజు తీసిన ప్రింటు వైపు.

"ఏ ముక్క?"

"ఆ ముక్కే."

జెరాక్స్ కోసం ఒకతను వచ్చి, నా ముఖం చూసి వెళ్ళిపోయాడు. తమ్ముడు బొటనవేలితో ఆ కాగితం చివర, ఆ రెండంకెల మీద రుద్దాడు. వేలికి పెన్సిల్ నలుపు అంటుకుంది. ఆ తెల్లచొక్కాకి తుడుచుకోబోయి ఆగిపోయాడు.

"కోయనివ్వను," అన్నాడు. ఎవరో కోయడానికి వచ్చి ఎదురుగా నిలబడ్డట్టు గట్టిగా అన్నాడు. "పదకొండు రోజులు పులుసు లేకుండా తిన్నాను నేను. కోయనివ్వను. ఇంకే ఫారం ఉంది?"

ఉంది. యజమాని చనిపోతే వారసుల పేరు మీదికి మార్చే ఫారం ఉంది, దాంతో పాటే రెన్యువలుకీ పెట్టుకోవచ్చు. రెండూ తీసి బల్ల మీద పెట్టాను. పేర్లూ, తేదీలూ, రంగూ నింపాను. నంబరు దగ్గర ఆగాను.

"ఇది పాత ప్రింటు. పనికిరాదు. ఈ వారంలో తీసింది కావాలి."

"మనిషిని పంపిస్తారా?"

"పంపను," అన్నాను. "మీరే తీయండి."

"ఎట్టా తీయాలి?"

"కింద పడుకుని."

ఆయన తన చొక్కా వైపు చూసుకున్నాడు. గంజి, ఇస్త్రీ, తెలుపు. నేను సొరుగులోంచి పెన్సిలొకటి తీసి చెక్కాను.

"మీ పాత చొక్కా ఒకటి ఉండాలి ఇంట్లో," అన్నాను. "తుప్పు మరకలది."

ఆయన పెన్సిలు తీసుకున్నాడు.